నిమ్మరసం రాయని ముక్కలు

"ఆపిల్ ముక్కలు నల్లబడ్డాయి. కాస్త నిమ్మరసం రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"తినేది నేనేగా అత్తయ్యా. రుచేం మారదు."

"గాలి తగిలితేనే పండు ఇలా అయింది. నీ ఒంటికి రోజూ ఆ కిరణాలాయె. అందుకే, పండుకి నిమ్మరసంలా, నిన్ను విటమిన్ బిళ్లలు వేసుకోమంటున్నాను."

రొమ్ములో గడ్డకు కోడలు రేడియేషన్ చేయించుకోవడం అది మూడో వారం. అత్తగారు తెచ్చిన బిళ్లల సీసాకు మూత కూడా తీయలేదు.

"డాక్టరు వద్దన్నారు. కిరణాలు ఒంట్లో ఫ్రీ రాడికల్స్‌ని పుట్టిస్తాయట. గడ్డను చంపేవి అవేనట. ఈ బిళ్లలు వాటిని అణిచేస్తే, మనతో పాటు గడ్డ కూడా బతికిపోవచ్చన్నారు."

అత్తగారు పళ్లెం కింద పెట్టేసింది.

"మీ మామయ్యకీ పోయేముందు అదే వైద్యం. ఆయన బిళ్లలు వద్దనేవారు. పొడి కొట్టి పళ్లరసంలో కలిపేదాన్ని. రోజుకి నాలుగు. 'చేదుగా ఉందే' అనేవారు. జబ్బుకి నోరు అలాగే ఉంటుందని నేనే సర్దిచెప్పాను."

"ఆయనకి అప్పటికే ముదిరిపోయింది కదా అత్తయ్యా."

"ఆ మాట డాక్టరన్నాడా, నువ్వంటున్నావా?"

కోడలు ఆపిల్ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు నీళ్లు పోయబోయి, కూజాను కోడలి వైపు జరిపింది.

"నువ్వే పోసుకో. నా చేతిని నేనే నమ్మలేను. రేపు నీతో ఆసుపత్రికి వస్తాను. ఆయన సంగతి అడుగుతాను."

"ఇప్పుడెందుకు అత్తయ్యా? వాళ్లేం చెబుతారో ఏమో."

"ఏదైనా చెప్పనీ. పొద్దుట్నుంచీ ఆయన 'చేదుగా ఉందే' అంటూనే ఉన్నారు."