చెంచయ్య జాకీ బేరం

చెంచయ్య అని ఉన్నాడు మా ఎగువ బజార్లో, పశువుల సంతలో బేరాలు కుదిర్చేవాడు. ఎట్టాంటోడంటే, ఎద్దుని అట్టా రెండడుగులు నడిపిచ్చి చూసి దాని తాత ముత్తాతల సంగతి గూడా చెప్పేసేవాడంట. తోక ఎత్తి చూస్తాడు, గిట్ట తట్టి చూస్తాడు, సుళ్ళు చూస్తాడు, నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, ఇంక "కొను" అన్నాడా, కళ్ళు మూసుకొని కొనాల్సిందే. చుట్టుపక్కల పది ఊళ్ళల్లో ఎవురు ఎద్దులు కొనాలన్నా ఈయన లేకుండా సంతకి పోరు. మరి ఆయన బతుకంతా ఆ కన్ను మీదే గదా. పొలం లేదు, పుట్రా లేదు. చెంచయ్య కన్ను తప్పిందంట అని ఒక్కసారి అనుకున్నారనుకో, ఆ మాట సాయంత్రానికల్లా పది ఊళ్ళూ తిరిగొస్తది. ఇంక ఆయన్ని పిలిచేదెవురు? అది ఆయనకీ తెలుసు. అందుకే యాడ కూచున్నా, "నా కన్ను తప్పిన్నాడు నేను సంతలో అడుగు పెట్టను" అంటా ఉండేవాడు. ఎవురూ అడక్కపోయినా అంటా ఉండేవాడు.

ఆయన పెళ్ళాం పేరమ్మ. మాట తక్కువ మనిషి. తక్కువంటే రాక కాదు, దాచి పెట్టుకుంటది. అవసరమొచ్చినప్పుడు ఒక్కటి తీస్తది, అది సరిపోద్ది. సరే, ఇద్దరూ ఉంటా ఉండంగా ఏమైందంటే, చెంచయ్యకి మోకాళ్ళ నొప్పులొచ్చి బస్సులెక్కలేక ఒక పాత కారు కొన్నాడు, సంతలకి తిరగటానికి. ఆ కారు సంగతి చెప్పాలంటే, అది పక్కూళ్ళో ఉన్నప్పుడే వస్తందని మాకు తెలిసేది. అంత చప్పుడు. ఒకరోజు దాని సైలెన్సర్ ఊడి కిందకి ఏలాడింది. రోడ్డంతా గీరుకుంటా వచ్చాడు. టౌనులో మెకానిక్కుని అడిగితే నాలుగు రోజులు ఆగమన్నాడంట. ఎల్లుండే సంత. "కింద దూరి ఒక బోల్టు బిగిచ్చే పనికి నాలుగు రోజులేందిరా, నేనే బిగిచ్చుకుంటా పో" అని వచ్చేశాడు. మరి కింద దూరాలంటే కారు లేవాల గదా. కారుతో పాటొచ్చిన జాకీ ఎప్పుడో తుప్పు పట్టింది. ఇంకేముంది, కొత్తది కొనటానికి టౌనుకి బయల్దేరాడు. నాకు సూదులు కావాలని పేరమ్మ గూడా ఎమ్మట పడింది.

ఖాసిం అని ఒకాయన ఉన్నాడులే టౌన్లో, ఇనప సామాను కొట్టు. మంచోడు. ఈయన అడగంగానే ఒక నల్ల జాకీ తెచ్చి ముందు పెట్టి, "చెంచయ్యా, నీ కారుకి రెండు టన్నులెత్తేది చాలు. ఇది చూడు, బాగా కిందకుంటది, నీ కారు కిందకి ఇట్టే దూరుద్ది. కింద చక్రాలు గూడా వెడల్పు, పక్కకి ఒరగదు. దీంతో పాటు ఈ స్టాండ్లు ఒక జత తీసుకో. జాకీ ఎత్తటానికే గాని మొయ్యటానికి కాదు. ఎత్తినాక స్టాండ్ల మీదకి దించి అప్పుడు కింద దూరు" అన్నాడు. పాపం ఇంతకన్నా ఏం చెప్తాడు ఎవురైనా? చెంచయ్య వింటేనా! జాకీ పిడి పట్టుకొని బజార్లోకి లాక్కుపోయాడు. "హెయ్, హెయ్" అని నాలిక మీద టక్కులు కొడతా ఆ చివర దాకా నడిపిచ్చాడు, ఈ చివర దాకా నడిపిచ్చాడు. జనం కూడారు. "దీని నడక బాలేదు ఖాసిం, ఎనక కాలు ఈడుస్తంది" అన్నాడంట. అది చక్రానికి దారం చుట్టుకుందయ్యా అని ఖాసిం అంటే, "అమ్మేవోడు ఏదో ఒకటి చెప్తాడులే" అన్నాడు.

తర్వాత స్టాండ్లు చూశాడు. ఎత్తు మార్చుకోటానికి వాటికి పళ్ళుంటయ్ గదా, ఆ పళ్ళ మీద వేలు పెట్టి ఒకటొకటే తడిమాడు. "అన్ని పళ్ళూ వచ్చేసినయ్, వయసైపోయింది" అన్నాడు. "సరే, ఇయ్యి ఏం చేస్తయ్?" అన్నాడు చెంచయ్య. "నిలబడతయ్" అన్నాడు ఖాసిం. "నిలబడి?" "నిలబడే ఉంటయ్." "ఎత్తవా?" "ఎత్తవు." "లాగవా?" "లాగవయ్యా, ఊరికే నిలబడతయ్, అదే వాటి పని." చెంచయ్య తుండుగుడ్డ దులిపి భుజానేసుకొని, "ఊరికే నిలబడేదాన్ని నా జన్మలో కొనలా, ఇంకొకడితో కొనిపియ్యలా. నాకొద్దు" అనేశాడు. పేరమ్మ పక్కనే సూదులు చూసుకుంటా వింటంది.

అప్పుడు పడింది ఆయన కన్ను. యాడ? కొట్లో మూలన, బస్తాల ఎనక. ఎర్రగా ఒక జాకీ ఉంది. ఎట్టా ఉందంటే, ఒళ్ళంతా నూనె కారి నిగనిగా మెరిసిపోతంది. దగ్గిరికి పోయి అరచెయ్యేసి రాశాడు. చెయ్యంతా జిడ్డు. పేరమ్మ వంక తిరిగి, "చూశావంటే ఆ నిగారింపు! మేత బాగా పడ్డ ఒళ్ళు. ఇదీ పశువంటే" అన్నాడు. ఖాసిం పరిగెత్తుకొచ్చి, "అయ్యో, అది అమ్మేది కాదు, ఎవురో రిపేరుకని ఇచ్చిపోయారు, లోపల వాషర్ పోయి నూనె కారతంది" అని మొత్తుకున్నాడు. ఈయన నవ్వాడు. ఎందుకంటే సంతలో అంతే గదా, మంచి ఎద్దుని సొంతానికి ఉంచుకోవాలనుకున్నోడు, దానికి ఆ జబ్బుంది ఈ జబ్బుంది అని చెప్తాడు. అట్టాంటోళ్ళని ఎంతమందిని చూశాడు ఈయన! ఇంక వదుల్తాడా? తుండుగుడ్డ తీసి ఖాసిం చేతి మీద కప్పి, దాని కింద చెయ్యి పెట్టి వేళ్ళు నొక్కటం మొదలుపెట్టాడు, సంతలో పక్కోళ్ళకి ధర తెలీకుండా బేరమాడినట్టు. ఖాసింకి ఆ వేళ్ళ భాష ఏం తెలుసు? చక్కిలిగిలి పుట్టి మెలికలు తిరిగిపోయి, "తీసుకుపో నాయనా, తీసుకుపో! ఆ రిపేరిచ్చినాయనకి నేను కొత్తది ఇచ్చుకుంటాలే, కాని ఒట్టు పెట్టి చెప్తన్నా, దాని కింద మాత్రం దూరబాకు" అన్నాడంట.

మర్నాడు పొద్దున్నే చెంచయ్య ఇంటి ముందు సగం బజారుంది. నేను గూడా పోయా, చేట చేతిలో పట్టుకొనే పోయా. వీరాస్వామి అని ఇంకొకడున్నాడు, అతనూ సంతలో బేరగాడే, చెంచయ్య అంటే గిట్టదు. కొత్త చెప్పులేసుకొని అతనూ వచ్చాడు. చెంచయ్య ఎర్ర జాకీకి బొట్టు పెట్టి, కారు కిందకి తోసి, పిడి నాలుగు సార్లు కిందా మీదా ఆడిచ్చాడో లేదో, కారు ఒక పక్క లేచి నిలబడింది. "చూశారా! ఖాసిం దాచిపెట్టుకున్న సరుకు ఇది. నా కన్ను తప్పిద్దా?" అని పంచె ఎగ్గట్టి, పానా పట్టుకొని, ఎల్లకిలా పడుకొని కిందకి జరిగాడు. ముందు తల పోయింది, తర్వాత ఛాతీ పోయింది, పొట్ట దగ్గిర కొంచెం ఆలస్యమైంది గాని అదీ పోయింది.

లోపల ఆయన బోల్టు బిగిచ్చుకుంటా పాట పాడుకుంటన్నాడు. పేరమ్మ అరుగు మీద కూచొని కందిపప్పు ఏరుకుంటంది. కోడిపుంజు ఒకటి తల ఎత్తుకొని, గాల్లో ఉన్న కారు చక్రం కిందగా పోయింది. కాసేపటికి పెట్ట వచ్చింది. పుంజు కన్నా పెట్ట పొట్టిది గదా? పెట్ట తల వంచుకొని పోయింది. పేరమ్మ పప్పు ఏరటం ఆపింది. "ఏమయ్యా, కారు దిగతంది" అంది. "సర్దుకుంటందిలేవే, కొత్త పశువు గదా" అన్నాడు లోపల్నించి. తర్వాత పిల్లలొచ్చినయ్, కోడిపిల్లలు. అవి దూరలేక ఎనక్కి తిరిగినయ్. అంతే, పేరమ్మ చేట అక్కడ పారేసింది, పప్పంతా మట్టిపాలు. కట్టెలు కొట్టుకునే తుమ్మ మొద్దు ఉంది గదా వాళ్ళ దొడ్లో, ఇద్దరు మగాళ్ళు లేపలేరు దాన్ని. ఒక్కతే దొర్లిచ్చుకొచ్చి కారు అంచు కిందకి తోసింది. తోసిందో లేదో, కారు ఉస్సురంటా దిగి మొద్దు మీద కూచుంది. మొద్దు కిర్రుమంది గాని నిలబడింది. లోపల పాట ఆగిపోయింది.

"ఏమయ్యా, ఉన్నావా?" అంది. "ఉన్నా" అన్నాడు. "దెబ్బేమన్నా తగిలిందా?" "లేదు. పొట్ట ఇరుక్కుంది. ఊపిరాడతంది, నేనే ఆడటంలా" అన్నాడు. అందరం నవ్వాం. పేరమ్మ జాకీ పిడి పట్టుకుంది. నాలుగు సార్లు ఆడిస్తే కారు మళ్ళీ లేస్తది, ఈయన బయటికి రావచ్చు. మొగుడు కింద ఉన్నాడు గదా, ఎంటనే ఆడిచ్చొద్దా? ఆడిచ్చలా. భుజాన కొంగు తీసి కారు అంచు మీద ఏలాడేసి, దాని చాటుగా కింద చెయ్యి పెట్టింది.

చెంచయ్యకి కింద నించి ఏం కనపడతంది? కాళ్ళు కనపడతన్నయ్, అంతే. అందరి కాళ్ళూ. మధ్యలో వీరాస్వామి కొత్త చెప్పులు. అవి దగ్గిరికి జరగతన్నయ్. ఇంతలో కొంగు చాటు నించి పేరమ్మ చెయ్యొచ్చి ఆయన చెయ్యి పట్టుకొని రెండు వేళ్ళు నొక్కింది. నలభై ఏళ్ళ కాపురం, ఆ భాష రాకుండా ఉంటదా ఆమెకి? రెండంటే స్టాండ్లు, ఒక జత. ఈయన ఆ పరిస్థితిలో గూడా బేరగాడే గదా, ఒక్క వేలు నొక్కాడు. ఒక్కటి చాల్లే అని. పేరమ్మ గిల్లింది. గట్టిగానే గిల్లింది. "అమ్మా" అన్నాడు. ఏందది అన్నారు జనం. "చీమ" అన్నాడు. రెండు వేళ్ళూ నొక్కాడు. సరే అయిపోయింది, ఇంక లేపుద్దిలే అనుకున్నాడు. ఆమె చెయ్యి తియ్యలా. ఆయన బొటనవేలు పట్టుకొని ఆగింది. వాళ్ళ సంతలో బొటనవేలు పట్టుకుంటే ఏందంటే, "తప్పు నీదేనని ఒప్పుకో" అని. ఒప్పుకునేవోడు తిరిగి ఎదుటోడి బొటనవేలు పట్టుకోవాల. చెంచయ్య ముప్పై ఏళ్ళ సంత బేరాల్లో ఒక్కసారి గూడా ఎవురి బొటనవేలూ పట్టుకోలా.

ఇప్పుడూ పట్టుకోకూడదనే అనుకున్నాడంట. ఆ చెప్పులు చూసి ఇంకా మొండికేశాడు. అయితే ఒకటి తెలిసొచ్చింది ఆయనకి. పేరమ్మ చెయ్యి వణుకుతంది. మొదట్నించీ వణుకుతానే ఉంది, ఆ వేళ్ళ గోలలో ఈయన గమనిచ్చలా. ఇది పంతం కాదురా, భయం, అనుకున్నాడు. అప్పటిదాకా ఆయనకి భయమెయ్యలా, అప్పుడేసింది. ఈ మొద్దు లేకపోతే ఈ పాటికి నా పొట్ట యాడుండేది, ఈమె యాడ కూచొని ఏడుస్తా ఉండేది అనుకున్నాడు. ఇంక ఆగలా, ఆమె బొటనవేలు ఒడిసి పట్టుకున్నాడు. పట్టుకొని వదల్లా కాసేపు. పేరమ్మే ఇడిపిచ్చుకొని, కళ్ళు తుడుచుకొని, పిడి ఆడిచ్చింది.

బయటికొచ్చాడు, ఒళ్ళంతా మసి, నూనె. వీరాస్వామి అందుకు కాసుకొనే ఉన్నాడుగా, "ఏం మామా, కన్ను తప్పినట్టుందే?" అన్నాడు. పది ఊళ్ళకి ఆ ఒక్క మాట చాలు. పేరమ్మ వచ్చి మధ్యలో నిలబడింది. "ఆయన కన్నుకేమైంది? జాకీ బంగారంలాగుంది. నేనే దించా. స్టాండ్లు కొనవయ్యా అంటే వినలా. అందుకని ఒప్పుకునేదాకా కొంచెం కొంచెం దించా" అంది, పప్పులో ఉప్పెయ్యటం మర్చిపోయా అన్నంత నిదానంగా. మగాళ్ళందరూ ఒక అడుగు ఎనక్కి ఏశారు. వీరాస్వామైతే ఎనక్కి తిరిగి వాళ్ళావిడ యాడుందా అని చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ పోయి నల్ల జాకీ, స్టాండ్లు ఒక జత కొనుక్కొచ్చారు. నడిపిచ్చలా, పళ్ళు చూడలా. ఖాసిం ఏది చెప్తే అది. మరి ఈ వేళ్ళ సంగతంతా నీకెట్టా తెలుసంటారా? పేరమ్మ నాకొక్కదానికే చెప్పింది, ఎవురికీ చెప్పొద్దని. నేను గూడా మా తోడికోడలికొక్కదానికే చెప్పా. ఇప్పుడు ఊరంతా తెలుసు. వీరాస్వామికీ తెలుసు, అతను గూడా అనడు. ఎందుకంటారు? ఇనుము దగ్గిర తప్పితే తప్పాడు గాని, ఎద్దు దగ్గిర ఆ కన్ను ఇయ్యాళ్టికీ తప్పలా, మాకు కావాల్సింది అదేగా. మీరు గూడా, ఆయన బజార్లో కనపడితే పాడి గురించి అడగండి, ఎద్దుల గురించి అడగండి, ఎంతసేపైనా చెప్తాడు. కార్ల గురించి మాత్రం అడగబాకండి. పేరమ్మనడగండి.