పెషెక్ వాళ్ల పెయ్యకి కత్తి పెట్టింది నేనే

బోర్డు నించి విచారణకొచ్చి లైసెన్సు ఏదీ అని అడుగుతారేంటండీ బాబూ, మీ నెత్తిమీదే గోడకి వేలాడుతుంటే! అదిగో, చదువుకోండి. వెర్నా హ్రుష్కా, పశువైద్య టెక్నీషియన్. ముప్ఫైయొక్క ఏళ్లుగా ఇదే పని.

ఏం చెయ్యకూడదో చదివి వినిపిస్తారా? అక్కర్లేదు, నాకు నోటికొచ్చు. రోగం పేరు చెప్పకూడదు. బతుకుతుందో చస్తుందో చెప్పకూడదు. మందు రాయకూడదు. కత్తి పట్టకూడదు. ఆవు నా కళ్లముందు కడుపుబ్బి కూలిపోతున్నా సరే, 'దీనికి కడుపుబ్బింది' అనే అర్హత నాకు లేదు. 'డాక్టరుగారూ, ఆవు కాస్త గుండ్రంగా కనిపిస్తోంది' అనాలి కాబోలు!

పోయినేడు లైసెన్సు పొడిగించడానికి నాచేత గంటలకి గంటలు పాఠాలు వినిపించారు. దేనిమీదో తెలుసా? పిల్లి పళ్లు తోమడం మీద! ఈ శాండ్‌హిల్స్ గడ్డి మైదానాల్లో మనుషులకంటే ఆవులెక్కువ. తమ పళ్లు తోముకోడానికే బద్ధకించేవాళ్లు పిల్లికి తోముతారా?

సరే సరే, విషయానికొస్తా. రాసుకోండి.

మార్చి తొమ్మిది, మధ్యాహ్నం. ఎల్డన్ పెషెక్ ఫోన్ చేశాడు. తొలిచూలు పెయ్య, పొద్దుట్నించీ నొప్పులు, దూడ రావట్లేదు అని. డాక్టర్ కోవారిక్‌గారూ నేనూ ట్రక్కులో బయల్దేరాం. నేనే నడిపా. ఎందుకా? ఆగండి, చెప్తా.

డాక్టరుగారు చెయ్యి పెట్టి చూశారు. 'దూడ పెద్దది, దారి చిన్నది. కొయ్యాలి' అన్నారు. చూశారా, ఆ మాట ఆయనే అన్నారు, నేను కాదు. అంతా రూలు ప్రకారమే! ఎడమ డొక్క నేను గొరిగా. మత్తు సూదులు ఆయన వేశారు. కత్తి చేతికిచ్చా. అంతే.

అంతే అంటే అంతేనండీ! కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయారు. పెయ్య మూలుగుతోంది. ఎల్డన్ నా వంక చూస్తున్నాడు. 'డాక్టరుగారూ' అన్నా. నెమ్మదిగా నావైపు తిరిగారు.

'వెర్నా, మనం ఇక్కడికి ఎందుకొచ్చాం?'

ఎంత మర్యాదగా అడిగారనీ! చుట్టాలింటికొచ్చి వాళ్ల పేరు మర్చిపోయిన పెద్దమనిషిలా.

అప్పుడు మీ రూలు ఏం చెయ్యమంటుందండీ? ఇంకో డాక్టర్ని పిలవమంటుంది. మన రాష్ట్రంలో ఇంకో డాక్టరు తొంభై మైళ్ల దూరం. రాష్ట్రం గీత దాటి డకోటాలో ఒకాయన ఉన్నాడు, ఇరవై మైళ్లే. కానీ ఆయన లైసెన్సు గీతకి ఇవతల చెల్లదాయె! ఆవు ఈనడానికి ముందు ఏ రాష్ట్రంలో ఉన్నానో చూసుకోవాలి మరి!

ఆయన చేతిలోంచి కత్తి తీసుకున్నా. అవును, తీసుకున్నా. ఆ కోత ఎన్ని వందలసార్లు చూశానో నాకే తెలీదు. తోలు, కండ, గర్భసంచి. ఎల్డన్ వెనక కాళ్లు పట్టి లాగాడు. దూడ ఊపిరి తియ్యలేదు. ముక్కులో గడ్డిపరక పెడితే తుమ్మింది, వెధవ!

నేను కుడుతుంటే డాక్టరుగారు నా భుజం మీంచి వంగి చూసి, 'కుట్లు ఇంకాస్త దగ్గరగా వెయ్యి' అన్నారు. నిజమే, ఎడంగా పడుతున్నాయి! ఎందుకొచ్చామో తెలీదు కానీ, కుట్టు ఎలా ఉండాలో తెలుసు. పర్యవేక్షణ పర్యవేక్షణ అంటారే మీరు, అదీ జరిగిపోయింది.

తల్లీ దూడా బాగానే ఉన్నాయి. అది మీ కాగితంలో ఎక్కడ రాస్తారో నాకు తెలీదు.

ఎప్పట్నించి ఇలా అంటారా? రెండేళ్లు. మధ్యలో మీరే ఆయన లైసెన్సు పొడిగించారుగా! ఎన్ని గడులో ఆ కాగితంలో! కేసులున్నాయా, తాగుతారా, చిరునామా మారిందా. ఇవాళ ఏ వారమో తెలుసా అని మాత్రం ఒక్క గడి లేదు. ఆ గడులు నింపింది నేనే. ఆయన పాఠాలు విన్నదీ నేనే. రాసుకోండి, పెన్ను ఆపారేం?

చెప్పలేదా అంటే, చెప్పా. 'డాక్టరుగారూ, ఇంక చాలు, మానెయ్యండి' అన్నా. 'నువ్వు బాగా అలిసిపోయావు వెర్నా, రెండ్రోజులు సెలవు తీసుకో' అన్నారు. ఏమనను? భార్య పోయింది, పిల్లల్లేరు. పొద్దున్నే ఈ తలుపు తియ్యడం ఒక్కటే ఆయనకి మిగిలింది.

పెయ్యని కోసిన వారానికి ఒక గుర్రం వచ్చింది. డాక్టరుగారు సిరంజిలోకి పదింతల మత్తు ఎక్కించారు. నేను చూశా కాబట్టి గుర్రం బతికింది. ఆ నిమిషంలో నేను ఫోన్లో ఉండుంటే?

ఫిర్యాదు ఎవరు రాశారో తేల్చాలా? ఎల్డన్‌ని అనుమానిస్తున్నారా? అయ్యో రామ, వాడికి సొంత పేరు రాయడానికే అరగంట పడుతుంది! సంతకం లేని ఉత్తరం, టైపు కొట్టింది. తేదీ ఉంది, వేళ ఉంది, ఎడమ డొక్క అని కూడా ఉంది. ఆ రోజు అక్కడున్నది నలుగురం బాబూ. అందులో ఒకటి పెయ్య.

నేనే రాశా.

అలా చూడకండి. ఆయన మీద రాద్దామని మూడుసార్లు కూర్చున్నా. ఆయన పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి కదిలేది కాదు. సూది పట్టుకోడం నేర్పిన మనిషండీ! అందుకే నా మీద రాసుకున్నా. నన్ను విచారించడానికొస్తే, పక్కన డాక్టరు ఏం చేస్తున్నాడని అడక్క మీకు తప్పదుగా! మీ రూళ్లన్నిట్లోకీ పనికొచ్చింది ఆ ఒక్కటే.

నా లైసెన్సు తీసేస్తారా, తీసెయ్యండి. ఆయన లోపలి గదిలో ఉన్నారు. మిమ్మల్ని చూడగానే లేచి చెయ్యి కలుపుతారు, ఏ పశువుని తెచ్చారని అడుగుతారు. తొందరపెట్టకండి. కాస్త కూర్చుని, నెమ్మదిగా అడగండి.

నేను రాను. బయట కాలు విరిగిన కుక్క ఉంది, కట్టు మార్చాలి. కట్టు మార్చడం టెక్నీషియన్ పనేగా? ఇవాళ్టి వరకూ.