నడుమ జాగ

“నానమ్మా, కెమెరాకు గుడ్డ సుట్టి అల్మారల పెట్టినవేంది? ఫోటోలు తీసుడు బంద్ చేసినవా?”

ఔ బిడ్డా, బంద్ చేసిన. ఏంది, ఫోన్ల రికార్డ్ చేస్తున్నవా? చేసుకో తియ్. కని నా దోస్తు సులోచనకు మాత్రం వినిపియ్యకు. నా మీద ఒట్టు.

గీ కెమెరా షోకు నాకు రిటైరైనంకనే పట్టింది. నాంపల్లి కోర్టుల టైపు కొట్టుకుంటనే ఏండ్లన్ని గడిచిపోయినయ్. పెండ్లి లేదు, పిల్లల్లేరు, ఇంట్ల కూసొని గోడలు సూస్కుంట ఏం జేస్త? మీ తాత, అదే మా తమ్ముడు, “అక్కా, ఈ వయసుల ఇదేం పిచ్చే” అని నవ్విండు. నవ్వనీ, వానికేం తెలుసు. ఐతారం వచ్చిందంటె నేను, సులోచన పొద్దుగాలనే ఆబిడ్స్‌కు పోతుంటిమి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు సూడు, గాడ. అది పుస్తకాలు తిరగేస్తది, నేను ఫోటోలు తీస్త. నిజం చెప్పాల్నంటె, మా వయసు రోజులు ఏడనన్న కనబడ్తయేమోనని తీస్తుంటి. గా సందులనే మేం ముగ్గురం టైపు నేర్సుకున్నం. ఇరానీ చాయ్ ముప్పై పైసలు... కాదు కాదు, పావలనే ఉండె అనుకుంట. ఒక్క చాయ్ ముగ్గురం తాగుతుంటిమి.

ముగ్గురంటె నేను, సులోచన, భారతి. భారతిని నువ్వు సూడలే. అబ్బ, ఏం నవ్వేనే అది! పరీక్ష పాసైనం అని ఫోటో దిగనీకె ఆబిడ్స్‌ల స్టూడియోకు పోయినం. ముగ్గురు కలిసి ఫోటో దిగొద్దంటరు కదా, నడుమున్నోళ్లు పోతరని. సులోచనకైతె మస్తు భయం. గప్పుడు బయట బెంచి మీద ఎవరో పిల్ల కూసోని ఉండె. మా ఈడుదే. ఆకుపచ్చ లంగఓణీ, జడ ముందలికేసుకున్నది. “జర రావమ్మా, నాలుగోదానివి నిలబడు” అని మేమే పిలిచినం. వచ్చి సులోచన పక్కన నిలబడ్డది. పేరు గుడ అడగలే, సూడు మా తెలివి!

ఫోటో వచ్చింది. అండ్ల మేం ముగ్గురమే ఉన్నం. ఒక కొసకు నేను, నడుమ భారతి, తర్వాత సులోచన. గా పిల్ల నిలబడ్డ జాగ ఖాళీ. స్టూడియో ఆయన ఫోటో పట్టుకొని పరేషాన్. “నలుగుర్నే తీసిన్నమ్మా, కసమ్” అంటడు. మేం నవ్వినం. భారతైతె పడిపడి నవ్వింది. గా వానకాలమే జరమొచ్చి పోయింది. ఉస్మానియా దవాఖానల నా చెయ్యి పట్టుకొనే పోయింది బిడ్డా.

ఉండు, కండ్లు తుడుసుకోనీ.

మొన్న దసరా ముందు ఐతారం ఆబిడ్స్ నుంచి నడుసుకుంట పోయి నాంపల్లి పబ్లిక్ గార్డెన్ల కూసున్నం. మంచి ఎండ. స్టాండు మీద కెమెరా పెట్టి టైమర్ నొక్కి, ఉరికొచ్చి సులోచన పక్కన కూసున్న. ఇద్దరమే కదా, ఫికరేముంది? తర్వాత పోయి స్క్రీన్ల సూస్తె ముగ్గురున్నరు. సులోచనకు అవుతలి పక్క గా పిల్ల. అదే ఆకుపచ్చ లంగఓణీ. గంత ఎండల కండ్లు గుడ చిట్లించలే, నా దిక్కే సూస్తున్నది. తలెత్తి బెంచి దిక్కు సూస్తె సులోచన ఒక్కతే.

సులోచనే నడుమ ఉన్నది, తెలుస్తున్నదా నీకు? దాని మొగనికి పక్షవాతం. అది కలిపి పెడ్తెనే బువ్వ తింటడు, ఇంకెవరి చెయ్యి ముట్టడు. అది పోతె గా మనిషి గతేంది? నాకెవరున్నరు? అంటె నువ్వున్నవ్ తియ్, కని నీకు నీ బతుకున్నది.

“ఎట్లొచ్చిందే ఫోటో?” అని అడిగింది సులోచన. దానికి కంట్ల పొర, స్క్రీన్ మీద ఏం కనబడదు. “సక్కగ రాలే, ఇంకోటి తీస్త” అన్న. మళ్ల టైమర్ నొక్కిన. ఈసారి పోయి దానికి అవుతలి పక్క, గా ఖాళీ జాగల కూసున్న. తెలిసే కూసున్న బిడ్డా. తడి బట్ట ఒంటికి తగిలినట్టయింది. ఎవరో జర జరిగి నాకు జాగ ఇచ్చిన్రు.

ఔ, ఆ ఫోటోల గుడ వచ్చింది గా పిల్ల. నడుమ నేనున్న. గా పిల్ల నా భుజం మీద తల పెట్టుకొని నవ్వుతున్నది. మొదటి దాంట్ల నవ్వలే.

ఎందుకేడుస్తున్నవ్ పిచ్చిదానా? సులోచన మంచిగున్నది. నిన్న గుడ ఫోన్ చేసి ఐతారం ఎందుకొస్తలేవని తిట్టింది. నాకు భయం లేదు... ఉన్నది, రాత్రుల్ల జర ఉంటది. కని మళ్ల గట్లనే జరిగినా గాడనే కూసుంట.

నువ్వు నూరేండ్లు సల్లగుండాలె తల్లీ, నీ దోస్తులు గుడ. రా, దగ్గరికి రా. అయ్యో, ఆ పక్కకు కాదు బిడ్డా, నడుమ పడ్తవ్... గీ పక్క కూసో.