పెనినా కొట్టు పెద్దరికం

చర్చి గంట మీద ఒట్టు, మీ అమ్మ సమాధి మీద ఒట్టు, ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కూర్చోరా ఇయోసువా. ఊరిపెద్దల్లో ఒకడివైతే అయ్యావు గానీ ముందు నా చెల్లెలి కొడుకువి. మెట్టు మీద నిలబడి తీర్పులు చదవకు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఏమన్నావూ? రేపట్నించి మూడు నెలలు ఊళ్ళో ఎవరూ పెనినా కొట్లో కొనకూడదా? పంచాయితీ అలా తేల్చిందా? ఛీ! మొగుడు పోయి, ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని నా కోడలు ఆ నూనె పొగలో కళ్ళు పోగొట్టుకుంటుంటే, ఆ పొయ్యి ఆర్పడానికి ఇంతమంది పెద్దమనుషులు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారా?

అంతా ఆ దిక్కుమాలిన ఫోను వల్ల. థూ!

నిరుడు ఆపియా పట్నం నుంచి ఆడవాళ్ళ కమిటీకి పాఠాలు చెప్పడానికో పిల్ల రాలేదూ? మూరెడు గోళ్ళ పిల్ల, అదే. "అమ్మమ్మా, ఓడ దిగి జలపాతానికి పోయే కార్లని మీ కొట్టు ముందు ఆపిస్తా చూడు" అంది. అప్పటిదాకా ఒక్క కారు ఆగితే ఒట్టు. మా మొహాన దుమ్ము కొట్టి పోయేవి. ఆ పిల్ల ఫోన్లో మ్యాపు తీసి, మా కొట్టున్న చోట ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క దగ్గర్లోకి ఎవడొచ్చినా సరే, వాడి జేబులో ఫోను కుయ్యిమంటుంది. పెనినా కొట్టు, నూనెలోంచి ఇప్పుడే తీసిన తియ్యటి పిండి ఉండలు, పనికెకెలు, వేడి కోకో, అయిదోసారి వస్తే ఊరికే!

ఇంక చూస్కో. మర్నాడే నలభై వేలమంది. నవ్వకు, తగ్గించే చెబుతున్నా. ఒంటికి రాసుకున్న నూనె మా పిండిలోకి కారుతుంటుంది, వాళ్ళకి పట్టదు. తినేముందు ఫొటో, కొరికాక ఫొటో, నోట్లో నమిలింది చూపించి మరీ ఫొటో! నేను మొహం తిప్పుకునేదాన్ని. కానీ పిల్లల కాళ్ళకి కొత్త బూట్లొచ్చాయి. ఆ మాట ఒప్పుకోవాలి.

అక్కడితో ఆగినా బావుండేది. వచ్చినవాళ్ళు ఫోన్లో "ఇక్కడున్నా" అని నొక్కాలిట. రోజుకి ఒక్కసారే. నెలలో ఎక్కువ రోజులు నొక్కినవాళ్ళకి కొట్టు తరఫున ఒక బిరుదు. ఆ బిరుదుకి పేరేం పెడతావని ఫోను అడిగింది. ఇంకో దేశం మనిషైతే రాజనో రాణనో పెట్టి ఊరుకునేది. మా అమాయకురాలు పెనినా "మతాయి" అని కొట్టింది!

మతాయి! చుట్టాలందరూ చేరి, నెలల తరబడి కొట్టుకు చచ్చి, పందుల్ని కోసి ఇచ్చే పెద్దరికం. అది పనికెకెలు మింగినవాళ్ళకి!

ఊరి పెద్దమతాయి, ఆ సెయుమాలో ముసలాయన ఊరుకుంటాడా? కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "నేను బతికుండగా, నన్నడక్కుండా నా ఊళ్ళో ఇంకో మతాయా? ఎవడమ్మాయ్ వాడు?"

పెనినా ఫోను చూపించింది. అందులో మనిషి పేరేదీ? "నల్ల తాబేలు" అని ఉంది.

"ఎవరో తెలీదు పెద్దయ్యా."

"తాబేలు చేతిలో ఓడతానా నేను!" అని అప్పటికప్పుడు మనవరాలి చేత ఫోను తెప్పించాడు. ఆ రోజు మొదలు ఎండనక, వాననక రోజూ మోకాలీడ్చుకుంటూ రావడమే. ఆయన వెనకాల తమ్ముళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, వాళ్ళ మీద పంతంతో ఆ చివరిళ్ళవాళ్ళు! గడ్డం మీంచి కోకో కారుతుంటే, జిడ్డువేళ్ళు చొక్కాకి తుడుచుకుని ఫోను నొక్కుకోవడం. పెద్దమనుషుల వేషాలేనా అవి? రోత! పెనినా రెండో పొయ్యి పెట్టింది.

నెలాఖరుకి చూస్తే మళ్ళీ తాబేలే మతాయి. నాలుగు రోజులు ఎక్కువ. సెయుమాలో కళ్ళజోడు పెట్టుకుని తారీకులు వెతికాడు. నాలుగూ కొట్టు మూసి ఉండే ఆదివారాలు!

అంతే, నిన్న పంచాయితీలో లేచి "ప్రభువు దినాన కొట్టు తెరుస్తోంది" అన్నాడు. పెనినా తెరిచిందా? ఆదివారం తెల్లటోపీ పెట్టుకుని మూడో వరసలో నీ పెళ్ళాం పక్కనే పాడుతుంది కదరా. నువ్వు చెప్పలేదా? చెప్పావా. నమ్మలేదా. ఫోను అబద్ధం చెప్పదన్నారా.

చెప్పదు నాయనా. అదే నా ఖర్మ.

ఇటు చూడు. ఈ ఇంటికీ కొట్టుకీ మధ్య ఏముంది? ఒక్క పనసచెట్టు. ఆ పాటి తేడా ఫోనుకి తెలీదు. నేనిక్కడ పడుకుని నొక్కినా కొట్లో ఉన్నాననే రాసుకుంటుంది.

ఏమిట్రా అలా చూస్తావు? నేనే. ఆ తాబేల్ని నేనే.

మొదట కోడలి కోసమే చేశా. ముసలాయనకి పంతమెక్కిస్తే ఊరంతా వెంట వస్తుందని. వచ్చింది కూడా. కానీ ఆదివారాలు నాకోసం. మోకాళ్ళ నొప్పులని చర్చి ఎగ్గొట్టి, మీరంతా అక్కడ కీర్తన ఎత్తుకుంటే ఇక్కడ వేలు నొక్కా. మా నాన్న పెద్దరికం మా ఇంట్లో ఎవరెవరికి తిరిగిందో నీకు తెలుసు. ఆడదాన్నని నన్ను ఒక్కడు, మాటవరసకైనా, అడిగాడా? ఈ వయసులో, తాబేలు పేరు పక్కనైతేనేం, మతాయి అని చూసుకున్నా. నా మీద నాకే అసహ్యమేసేంత బాగుందిరా.

పెనినాకి ఇదేం తెలీదు. అక్కడ ఏడుస్తూ పిండి కలుపుతోంది. రేపు కొనేవాడు లేని పిండి.

లే. ఆ మూల పెట్టె తెరువు. అడుగున సన్నచాప ఉంది, మా అమ్మ రెండేళ్ళు అల్లింది. నా శవం మీద కప్పమని దాచుకున్నా. తెల్లారేసరికి అది నెత్తిమీంచి కప్పుకుని సెయుమాలో వాకిట్లో కూర్చుంటా. తెలుసులే, మనుషుల్ని చంపినవాళ్ళు కూర్చుంటారలా. నేను నాలుగు ఆదివారాల్ని చంపాను కదా! ఆయనొచ్చి చాప తొలగిస్తే క్షమించినట్టు. చాప ఆయనది, కొట్టు పెనినాది. తొలగించకపోతే ఎండలో అలాగే కూర్చుంటా, ఎవరు ముందు విసుగెత్తుతారో చూస్తా.

మరి నా శవానికంటావా? ఏ గోనెగుడ్డో కప్పండి. నాకు తెలుస్తుందా, పెడుతుందా?

వెళ్ళు, చాప తీసి బయటికి పట్టుకెళ్ళి దులుపు. మడతల్లో బొద్దింకలుంటాయి, ఒక్కటీ మిగలకుండా దులుపు.