మూత మీద చరిచిన చెయ్యి

హలో… ఆ, నేనే. వినపడుతోందా?… కారు పందేల ట్రాక్ దగ్గరే నోరీ, ఇంకెక్కడ… కార్ల మోత. ఉండు, మన ట్రక్కులోకెక్కి అద్దాలు పైకెత్తుతా…

ఆ, ఇప్పుడు?… సరే.

లేదు, అవలేదు. పెద్ద పందేనికి ఇంకా టైముంది, పొద్దు కూడా గుంకలేదు… మనకైతే అయిపోయిందనుకో. ముందు పెట్టే చిన్న పందెంలోనే బోల్తా కొట్టాం.

… అయ్యో, మీ నాన్న కారులో ఎందుకుంటాడే! బానే ఉన్నాడు. నడిపింది టెస్ కదా… మణికట్టు విరిగింది… లేదు లేదు, మెలకువగానే ఉంది. కట్టు కడుతున్న ఆవిణ్ణి బండబూతులు తిడుతోంది. అంటే బానే ఉన్నట్టే.

ఎలా అంటే… పచ్చజెండా ఊపారు. అందరూ ఒక్కసారిగా తొక్కారు. మన కారు మాత్రం మొండికేసింది. ఇంజను మూలుగుతోందే గాని ముందుకి పోదు. వెనకవాడు ఏం చేస్తాడు పాపం, మన చక్రం మీదకెక్కేశాడు. పల్టీల మీద పల్టీలు… నేను కంచె దగ్గరే ఉన్నా. చూశా.

… ఇంజను తప్పు కాదు. వెనక గేర్లు.

… ఆ, ఆ గేర్ల జంటే. నెల్లాళ్లుగా భోజనాల దగ్గర నేను నీ బుర్ర తినేసింది దాని గురించేగా. ఈ పందెం కారుకి క్లచ్ లేదు, గేరుపెట్టె లేదు, స్టార్టరన్నా లేదు, వెనకనుంచి ట్రక్కు తోస్తే గాని ఇంజను అందుకోదు అని… ఆ, నీ బంగాళాదుంపలు చల్లారిపోతున్నా వదల్లేదు. ఒప్పుకుంటా.

వెనక మూత తీసి ఆ రెండు గేర్లు మారిస్తేనే వేగం లెక్క మారేది. పెద్దది పైన, చిన్నది కింద. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి, ఏవో నాలుగైదు పళ్లు తేడా. తిరగేసి పెట్టినా చక్కగా కూర్చుంటాయి… అదే ఖర్మ. కూర్చోకపోతే బాగుండేది.

… ఆ. తిరగబడ్డాయి. మూత తీసి చూస్తే పెద్దది కింద ఉంది, అందుకే ఇంజను లాగలేకపోయింది.

… ఎవరంటే…

నోరీ, ఏడవకు… తనే ఎక్కించానని మీ నాన్నే చెప్పాడు, అవును. లూథర్‌తో. కారూ లూథర్‌దే, టెస్సూ లూథర్ కూతురే, చెప్పకపోతే ఎలా… "నేనే ఎక్కించా లూథర్, నాకు మతి తప్పుతోంది, ఇంకొకణ్ణి చూసుకో" అన్నాడు… అందరి ముందూనే.

లూథరా? టోపీ తీసి నేల చూశాడు… చిన్నప్పట్నుంచీ స్నేహితులాయె.

… పొయ్యి మీద గిన్నె మాడ్చిన సంగతి నాకూ తెలుసు. నిన్ను మీ మేనత్త పేరు పెట్టి పిలిచాడనీ తెలుసు. అది వేరు.

వేరంటే వేరే!… డాక్టరుకి చెప్పకు. మీ అన్నయ్యకీ చెప్పకు… చెయ్యకన్నానా ఫోను!

… అరవట్లేదు.

నోరీ… అవి నేను ఎక్కించాను.

… హలో?… ఉన్నావా?

ఆయన కాదు. నేను. ఈ చేతుల్తో.

… ఎందుకంటే, చక్రాలు చూడమని లూథర్ ఆయన్ని కేకేశాడు. ఎప్పుడూ గేర్ల మీద ఇంకొకళ్ల చెయ్యి పడనివ్వడు కదా, ఇవాళ మాత్రం ఆ జంట నా చేతిలో పెట్టి, "ఎక్కించు అల్లుడూ, పెద్దది పైన" అన్నాడు. నాకు ఒళ్లు పొంగిపోయింది. ఫ్రిజ్‌లు బాగుచేసే చేతులకి ఇదెంత అనుకున్నా… ఆ, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని నువ్వు ఊరికే అనలేదు.

పక్క కారువాడొకడు తొంగిచూశాడు. వాడూ కొత్తవాడే. ఇంకేం, నా నోరు ఊరుకుంటుందా. ఒక చేత్తో గేరు పట్టుకుని వాడికి పాఠం మొదలెట్టా. చెప్తూ చెప్తూ పెట్టేశా. వాడు "అబ్బో" అన్నాడు కూడా… నవ్వకు. నవ్వట్లేదా… సరే.

మూత పెట్టి నట్లు చేత్తో తిప్పి ఉంచా. మీ నాన్న పరిగెత్తుకుంటూ వచ్చి పానాతో బిగించి, మూత మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు… అదే, వీళ్ల పద్ధతి ఉందిగా. మూత చరిచినవాడిదే ఆ మూత కింద ఉన్నదాని పూచీ అంతా. తరవాత ఏదైనా అయితే వాడే నోరు విప్పాలి, ఇంకెవరి వంకా చూడకూడదు.

ఆయన ఎవరి వంకా చూడలేదు నోరీ. కారు బోల్తా పడ్డాక మూత తీశాడు, గేర్లు చూశాడు. అప్పుడు… వినూ. మెల్లిగా నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "అల్లుడూ, ఇవి ఎక్కించింది నేనే కదూ?"

… నిజంగానే గుర్తులేదు ఆయనకి. చక్రాల దగ్గరికీ ఇటూ పరుగులు పెట్టిన హడావిడి. చరిచింది ఒక్కటే గుర్తుంది. మొహం ఎలా ఉందనుకున్నావ్… బడిలో లెక్క రాని పిల్లాడిలా.

నేనా?…

తలూపాను.

… తిట్టు.

… తిట్టమంటున్నాగా. ఇంకా తిట్టు.

… భయమేసింది. టెస్‌ని అప్పుడే మోసుకొస్తున్నారు, లూథర్ ఎదురుగా ఉన్నాడు. నా పేరు చెప్తే ఇక్కడ ఎవడూ పానా కూడా అందించనివ్వడు అనుకున్నా. అంతే. అంత చిన్న బుద్ధి. ఆ తరవాత ఆయన అందరి ముందూ మతి పోయిందని చెప్పుకుంటుంటే కుక్కిన పేనులా పక్కనే నిలబడ్డా… అవును, పక్కనే. మూరెడు దూరంలో.

సిగ్గుతో చచ్చిపోతున్నా నోరీ. ఎవరో పందిమాంసం బన్ను చేతిలో పెట్టారు, పాపం తిను, మీ మామయ్యకిలా అయిందని… నన్ను ఓదారుస్తున్నారు! నన్ను!

… చెప్తాలే. లూథర్‌కి చెప్తా.

… ముందు ఆయనకా… ఆయనకెలా చెప్పను? లూథర్ కొడితే పడతా. మీ నాన్న మొహం చూడలేను.

… అలాగే. నిజమే. ఒక్కొక్క నిమిషం తన బుర్రని తనే అనుమానించుకుంటూ… అలాగే అన్నాగా.

ఉండు. వస్తున్నాడు. ఇటే వస్తున్నాడు… పెట్టెయ్యకు, ఉండు లైన్లో.

ఆ మామయ్యా… నోరీతోనే… ఏంటిది? మీ పానా నాకెందుకు?… వద్దు. నాకొద్దు… ఇకమీదట గేర్లు నేను చూసుకోలేను మామయ్యా, ఆ మాటనకండి… మామయ్యా, ఒక్కసారి వినండి.

ఆ గేర్లు మీరు ఎక్కించలేదు.

నేను ఎక్కించా. మీరు చక్రాల దగ్గరికెళ్లారు, జంట నా చేతికిచ్చి వెళ్లారు. "పెద్దది పైన" అని కూడా చెప్పారు. సరిగ్గా చెప్పారు. నేనే తిరగేశా… మీరు అడిగితే తలూపింది కూడా నేనే. తెలిసే ఊపా.

… అవును.

… అవును మామయ్యా, మీరు చెప్పారు. నాకు వినపడింది.

… మామయ్యా?… కూర్చోండి, ఇలా మెట్టు మీద కూర్చోండి…

నోరీ, ఏడుస్తున్నాడు… కాదే. కోపం కాదు. "పెద్దది పైన అని నేను చెప్పాను కదూ, చెప్పాను కదూ" అని అదే పదిసార్లు అడుగుతున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక్క మాట అనట్లేదు నన్ను… ఒక్క తిట్టయినా తిట్టొచ్చుగా!

… లేదు మామయ్యా, మీరు లేవొద్దు. చరిచింది ఎవరైనా సరే, ఈసారి పద్ధతీ గిద్ధతీ వద్దు. లూథర్‌కీ టెస్‌కీ నేనే చెప్పుకుంటా. అందరి ముందూ. మీరు అందరి ముందూ చెప్పారుగా.

ఇదిగో, మీ అమ్మాయి. మీరు మాట్లాడండి… ఫోను ఇలా పట్టుకోండి.