గడప అవతల ప్రార్థన

ఆ స్టూలా? కూర్చో, కాలు కాస్త ఊగుతుంది గానీ పడవులే. దాని మీద కూర్చునే మా నాన్నకి జావ తాగించేది ఆమేనమ్మ. అసలు పేరు నాకిప్పటికీ తెలీదురా. చర్చి ఊడ్చేది. ఏం మాట్లాడినా చివర ఆమేన్ అనేది, దాంతో వీధిలో అదే పేరైపోయింది.

మా నాన్న కమ్మరి. మా అమ్మ జ్వరంతో పోయింది చూడు, ఎంత మొక్కినా దక్కలేదు. అప్పట్నుంచీ దేవుడి మాటెత్తితే సుత్తి పుచ్చుకునేవాడు. ప్రార్థన చేస్తానని వచ్చిన ఆమేనమ్మనీ ఓసారి వీధి చివరిదాకా తరిమాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. మూతి వంకరపోయి, తాగింది కారిపోతుంటే మేం చూడ్డం ఆయనకి నామోషీ. తిండి మానేశాడు. నేను పట్టినా మా ఆవిడ పట్టినా పళ్లు బిగించేవాడు. ఇంక దక్కడనే అనుకున్నాం. అప్పుడొచ్చింది ఆమేనమ్మ, ఎవరూ పిలవలేదు. గిన్నె పట్టుకుని కళ్లు మూసుకుందో లేదో, "ప్రార్థనా గీర్థనా అన్నావంటే నోరు తెరవను, ఫో!" అన్నాడు. "అననులే అన్నయ్యా, తాగు" అంది. తాగాడురా! మేం నోళ్లు వెళ్లబెట్టాం. మీద ఉమ్మేసినా తుడుచుకుని ఇంకో చెంచా పట్టేది. పాస్టరుగారు మాత్రం "ప్రార్థన లేని సేవేంటమ్మా?" అన్నారట. "ముందు ఆయన ఆకలి తీరనివ్వండి అయ్యగారూ, ఆమేన్" అందట. మరి ఊరుకుందా? రోజూ గడప అవతల నిలబడి, పెదాలు కదిపి, అప్పుడు లోపలికొచ్చేది. మా నాన్నకి కనపడదనుకుంది.

ఓరోజు కుండపోత వాన. గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే తడుస్తోంది. మా నాన్న మంచం మీంచి ఒకటే కేకలు. "ఒరేయ్, ఆ పిచ్చిదాన్ని లోపలికి రమ్మను! తడిసి చస్తే నాకు జావెవరు పోస్తారు? ఆ గొణిగేదేదో ఇక్కడే గొణగమను!" వచ్చింది. ఆ స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది, ఏడుపాగితే గదా మాట వచ్చేది. "అయిందా?" అన్నాడు. తలూపింది. నోరు తెరిచాడు.

మారాడనుకునేవు, అదేం లేదు. దేవుణ్ణి తిట్టడం మానలేదు. ఆవిడే ముందు పోయింది పాపం, గుండె ఆగి. మర్నాడు మా ఆవిడ జావ తీసుకెళ్తే మళ్లీ పళ్లు బిగించాడు. "తాగండి మావయ్యా" అంటే, "నువ్వు చెయ్యవేంటి?" అన్నాడు. "ఏంటి మావయ్యా?" "అదే... ఆవిడ చేసేది." మాకేం వచ్చురా? ఇద్దరం ఊరికే కళ్లు మూసుకుని నిలబడ్డాం. చాలాసేపటికి ఆయనే అన్నాడు, "అయిందా?" అని.

చినుకులు మొదలయ్యాయి. లే, ఆ స్టూలు లోపల పెట్టు, చెక్క నానిపోతుంది.