తప్పకుండా అధ్యక్షా!

ఏంటే తల్లీ చూస్తున్నావ్? సభా? ఆఁ, ప్రశ్నోత్తరాలు! ఉంచు ఉంచు, మార్చకు. ఎవరా నీలం కోటాయన, ఏం శాఖ? సరేలే, ఎవరైతే ఏం, చూడు ఎలా చదువుతున్నాడో, కాగితంలోంచి తలెత్తితే ఒట్టు. "అవునండి. లేదండి. ప్రశ్న ఉత్పన్నం కాదు." మా కాలంలోనూ ఇదే పాట. రాసేది ఆఫీసర్లు, చదివేది మంత్రి, మధ్యలో చీవాట్లు తినేది నాలాంటి పి.ఏ.లు. అదేంటి, అలా చూస్తావ్? మీ నాన్న చెప్పలేదూ? మా మామయ్య మంత్రే తల్లీ! మా అమ్మకి సొంత తమ్ముడు, నీకు ముత్తాత వరస. నీటి సరఫరా శాఖ. నేనాయనకి పి.ఏ.ని. నవ్వకు, అప్పట్లో నా వెనకాల కూడా నలుగురు తిరిగేవాళ్ళు.

ఆయనేం పెద్ద చదువులు చదివి మంత్రి అయినవాడు కాదు. కుర్రతనం నుంచీ బట్టల మిల్లులో మగ్గాల షెడ్డులో పని. ఆ షెడ్డులోకి నేనొక్కసారి వెళ్ళానే, అమ్మో, బయటికొచ్చాక కూడా సాయంత్రం దాకా చెవుల్లో హోరు. అక్కడ ఎవరూ గొంతుతో మాట్లాడరు, పెదాలు కదుపుతారంతే. అవతలివాడు చూసి అర్థం చేసుకుంటాడు. అలా ఏళ్ళ తరబడి చేసి, యూనియన్ నాయకుడై, సభకి గెలిచి, మంత్రయ్యేసరికి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పేరుకే ఉంది. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే, అత్తయ్యకీ నాకూ. ఎదురుగా నిలబడి మాట్లాడావనుకో, ఒక్క ముక్క వదలడు. వెనకనించి పిలిస్తే మాత్రం ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. "మంత్రయ్యాక కళ్ళు నెత్తికెక్కాయి" అనుకునేవాళ్ళు జనం. అత్తయ్య ఊరుకునేది కాదు, "ఆ చెవి మిషనేదో పెట్టించుకోకూడదూ?" అని రోజూ పోరు. ఈయనేమో, "పొగరంటే భరిస్తారే, చెవుడంటే కుర్చీ లాగేస్తారు" అనేవాడు.

ఇంతకీ సభలో చిక్కేంటంటే, ఎవరు లేచినా సభాపతి వైపు తిరిగే మాట్లాడాలి. రూలు అది. ఇప్పుడూ చూడు, "అధ్యక్షా" అని అటే తిరుగుతున్నారా? ఇక మా మామయ్యకి కనపడేది ఓ చెవీ, సగం బుగ్గా. అచ్చువేసిన ప్రశ్నతో భయం లేదు, అది ముందే చేతికొస్తుంది. దాని తర్వాత లేచి అడుగుతారు చూడు, అనుబంధ ప్రశ్నలు, అవీ ప్రాణాలు తోడేసేవి! అందుకని మామా మేనల్లుళ్ళం ఓ ఏర్పాటు చేసుకున్నాం. ఆఫీసర్ల గ్యాలరీలో నేనుంటాను. నేను కళ్ళజోడు తీస్తే "అవును", తల గోక్కుంటే "కాదు", ఊరికే కూర్చుంటే "పరిశీలిస్తాం అధ్యక్షా!" ఆ మూడోదే ఎక్కువ. ఎంత ఎక్కువంటే, ఆయనకి 'పరిశీలన మంత్రి' అని పేరే పడిపోయింది. ఓసారి సభాపతి, "మంత్రిగారూ, టైమైపోయింది, ఇక కూర్చోండి" అన్నాడు. ఈయన మరింత నిటారుగా నిలబడి, గంభీరంగా, "పరిశీలిస్తాం అధ్యక్షా!" సభ సభంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఈయనా నవ్వాడు, ఎందుకో తెలీకుండానే.

ఆఁ, అసలు సంగతి. అవతలి పార్టీలో ఒకావిడ ఉండేది. బడిలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి, అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. ఆవిడ లేచిందంటే మంత్రులందరికీ చెమటలు. ఆవిడ గెలిచొచ్చిన ఊళ్ళో ఓ గుట్ట ఉంది, గుట్ట నిండా ఇళ్ళు. పైపు గుట్ట కింద ఆగిపోయింది. పైవాళ్ళంతా మెట్లెక్కి మోసుకోవడమే. దాని మీద ప్రశ్న వేసింది. మేం రాసిచ్చిన జవాబు, "అలాంటి ప్రతిపాదన ఏదీ లేదండి." మామయ్య చదివేశాడు. ఆవిడ లేచింది. "అధ్యక్షా, లేదు, లేదు, లేదు, ఎన్నేళ్ళు వినాలి ఈ మాట? కడుపుతో ఉన్న ఆడవాళ్ళు బకెట్లు మోస్తున్నారు. ఒక్కటే అడుగుతున్నాను. ఎండాకాలం లోపు మా గుట్ట మీదికి నీళ్ళు ఇస్తారా?" అటు బల్లలు చరుస్తున్నారు, ఇటు కేకలు. నేను తల గోక్కుంటున్నాను, పేలు పట్టినవాడిలా గోక్కుంటున్నాను! సరిగ్గా అప్పుడే నా ముందున్న లావుపాటి ఆఫీసరు దేనికో లేచి నిలబడ్డాడు. గోడ లేచినట్టే! మామయ్య నాకోసం చూశాడు, కనపళ్ళేదు. ఒక్క చిరునవ్వు నవ్వి, "తప్పకుండా అధ్యక్షా! ఎండాకాలం దాకా ఎందుకు, అంతకంటే ముందే!"

ఆ తర్వాత చూడూ, అవతలి పార్టీ వాళ్ళు లేచి మరీ బల్లలు బాదేశారు! మంత్రిని మెచ్చుకుంటూ! టీచరమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. మా వైపు వాళ్ళ మొహాల్లో నెత్తురు లేదు. ఈయనేమో పెళ్ళికొడుకులా వెలిగిపోతూ కూర్చున్నాడు.

గదిలోకి రాగానే శాఖ కార్యదర్శి, "ఏం మాటిచ్చారు సార్? నీళ్ళెక్కడినించి తెస్తాం?" అని లబలబలాడాడు. "నీళ్ళా? నేను నీళ్ళన్నానా? ఎండాకాలం లోపు గుట్ట మీదికి వస్తారా అనే కదా ఆవిడడిగింది!" అన్నాడు మామయ్య. కార్యదర్శికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఎదురుగా వెళ్ళి నిలబడి, "వస్తారా కాదు మామయ్యా, ఇస్తారా" అన్నాను. మనిషి అలా కూలబడిపోయాడు. ఈలోపు ముఖ్యమంత్రి పిలిపించాడు. ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉండేది, అదే భయం. "రేపు లేచి నిన్నటిది పొరపాటు అని చెప్పెయ్యి. పైపులెక్కడున్నాయయ్యా? ఈ ఏడాది ఉన్నవాటిని నీ ఊరికే రాయించుకున్నావుగా." ఈయన తలూపి బయటికొచ్చాడు. ఇంటికి పోదామంటే, "కాదురా, వస్తానన్నాను కదా, వెళ్దాం పద" అన్నాడు.

కారు గుట్ట కిందే ఆగిపోయింది. ఎక్కాం. అబ్బబ్బ, అవి మెట్లా! రేడియోలో అప్పటికే వచ్చేసింది, నీళ్ళిస్తానని మంత్రి అన్నాడని. ఇక చూసుకో, వాకిళ్ళలో జనం! ఓ మలుపు దగ్గర తాపీమేస్త్రీ ఒకతను గట్టు కట్టేస్తున్నాడే, కుళాయి గట్టు! సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పైపు లేదు, నీళ్ళు లేవు, అతని గట్టు మాత్రం రెడీ. మామయ్యని చూసి లేచి, "సార్, కుళాయి ఈ ఎత్తులో ఉంటే చాలా? పిల్లలకి కూడా అందాలని కాస్త కిందికి పెట్టాను" అన్నాడు. మామయ్య వంగి ఆ పచ్చి సిమెంటు అంచుని వేలితో తాకి చూశాడు. పక్కనే ఓ ముసలావిడ ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "నిజంగానే ఇస్తావా నాయనా? లేక వాళ్ళందరిలాగే చెప్పావా?" అంది. ఆ మెట్ల మీద ఆయనకి ఒక్క మాటా తప్పిపోలేదు, తెలుసా? అందరూ మొహంలోకి చూసే మాట్లాడారు మరి. దిగి కారెక్కాక, "గట్టు బాగా కట్టాడు కదరా" అన్నాడు.

మర్నాడు సభ కిటకిట! కార్యదర్శి రాసిచ్చిన సవరణ ఆయన చేతిలో ఉంది. లేచాడు. కాగితం బల్ల మీద పెట్టేశాడు. "అధ్యక్షా, నాకు చెవుడు." అంతే! అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. "మిల్లు మగ్గాల దగ్గర పోయాయి నా చెవులు. ఇన్నాళ్ళూ దాచాను. నిన్న సభ్యురాలు ఇస్తారా అనడిగారు, నేను వస్తారా అని విన్నాను. తప్పకుండా అన్నాను. నిన్న సాయంత్రం వెళ్ళొచ్చాను. ఇప్పుడా జవాబు దిద్దమంటున్నారు. దిద్దను అధ్యక్షా. మా ఊళ్ళో కుళాయిలున్నాయి, రెండో లైను కోసం పైపులు దింపారు. రెండో లైను ఆగుతుంది. ఆ పైపులు గుట్టెక్కుతాయి." వెనక వరసలోంచి మా పార్టీవాడే ఎవడో, "చెవిటి మంత్రి!" అని అరిచాడు. కొందరు నవ్వారు. ఈయనకి వినపడితేగా.

అప్పుడు లేచింది టీచరమ్మ. సీటు వదిలేసి, నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా మామయ్య ముందు నిలబడింది, సభాపతికి వీపు పెట్టి! "సభ్యురాలు అధ్యక్షస్థానం వైపు తిరిగి మాట్లాడాలి" అన్నాడు సభాపతి. ఆవిడ తిరగలేదు. "క్షమించండి అధ్యక్షా, జవాబు చెప్పాల్సింది వీరు. వీరికి తెలియాలి కదా నేనేమంటున్నానో" అని, మామయ్య కళ్ళలోకి చూసి, పిల్లలకి పాఠం చెప్పినట్టు నిదానంగా, "మంత్రిగారూ, పని ఎప్పుడు మొదలుపెడతారు?" అంది. ఈయన నా వైపు చూడలేదు తల్లీ! మొదటిసారి! "సోమవారం" అన్నాడు. సభాపతి తర్వాతి ప్రశ్నకి పిలిచాడు. ఆ రోజునించి మామయ్యని ఎవరేం అడగాలన్నా ఎదురుగా వచ్చి అడిగేవాళ్ళు. నాకు పనే లేకుండా పోయింది. 'పరిశీలిస్తాం' అన్న మాట మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

ఆఁ? తర్వాతా? తర్వాత ఏముంది, సొంత ఊరివాళ్ళు ఊరుకుంటారా? మా పైపులు తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చాడని, ఎన్నికల్లో డిపాజిట్ కూడా దక్కనివ్వలేదు. ప్రచారానికి వెళ్తే తలుపులు వేసుకున్నారే! అత్తయ్య ఏడ్చింది. ఈయన మాత్రం మళ్ళీ పాత యూనియన్ ఆఫీసుకెళ్ళి కూర్చున్నాడు, హాయిగా, పోయేదాకా. నీళ్ళొచ్చిన రోజు సంగతి చెప్పలేదు కదూ! అయ్యో, అదే చెప్పకపోతే ఎలా? ఎండలు ఇంకా ముదరలేదు. ఆ మేస్త్రీ కట్టిన గట్టు చుట్టూ జనం, టీచరమ్మా ఉంది. కింద మోటారు వేశారని కబురొచ్చింది. చూస్తున్నాం, చూస్తున్నాం, చుక్క లేదు. ఇంజనీరు చొక్కా తడిసిపోయింది. ఎవరో గొణుగుతున్నారు కూడా. మామయ్య గట్టు పక్కన గొంతుక్కూర్చుని పైపు మీద అరచెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఉన్నట్టుండి, "వస్తోంది! తప్పుకోండి, వస్తోంది!" అని కేక. మాకెవరికీ ఏ చప్పుడూ లేదే! అంతలో కుళాయి దగ్గింది, ఓ గాలి, ఓ బురద, ఆ తర్వాత భళ్ళున, ఇంత లావు ధార! జనం ఎగిరారు, అరిచారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మామయ్య పాపం అందరి నోళ్ళ వంకా చూస్తున్నాడు, ఒకటీ అందడంలేదు. నా భుజం పట్టుకుని, "ఏమంటున్నార్రా?" అనడిగాడు. "అందరూ ఒకేసారి అరుస్తున్నారు మామయ్యా, నాకూ ఏమీ తెలీడంలేదు" అన్నాను. "అయితే సరే" అన్నాడు, నీళ్ళల్లో తడుస్తూ. "అయితే సరే."

...

ఏంటి, కళ్ళా? ఏం లేదులే. లేచి ఆ కిటికీ వెయ్యి, మబ్బు పట్టింది.